చుట్టూ ఏది మామూలో, ఒళ్లు అదే నేర్చుకుంటుంది

ప్రభుత్వరంగ బ్యాంకులో ఆఫీసరుగా పనిచేసేవారికి మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారడం తప్పదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను ఏడు ఊళ్లు తిరిగాను. ఏటా చేయించుకునే వైద్య పరీక్షల కాగితాలను ఒక ఫైలులో దాచుకునే అలవాటు ఉంది. ఈ మధ్య ఒక ఆదివారం వాటిని వరసగా పేర్చి చూస్తే, నా బరువూ రక్తపోటూ చక్కెరా నా వయసును బట్టి కాక, నేనున్న ఊరిని బట్టి ఎక్కుతూ దిగుతూ వచ్చాయని తెలిసింది. 2014లో హైదరాబాదుకు బదిలీ అయినప్పుడు 71 కిలోలున్నవాణ్ని 2018లో అక్కడినుంచి కదిలేనాటికి 84కు చేరాను. ఆ తరవాత నాలుగేళ్లు విజయనగరంలో ఉన్నాను. 2022లో ఆ ఊరు వదిలేనాటికి 73. ఈ ఎనిమిదేళ్లలో నా పట్టుదల పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు. హైదరాబాదులో ఉన్నప్పుడు కూడా ప్రతి ఉగాదికీ, ప్రతి జనవరి ఒకటికీ, రేపటినుంచి నడవాలని మనస్ఫూర్తిగానే నిశ్చయించుకున్నాను.

ఒళ్లు బాగుచేసుకోవడమూ, జీవితంలో ఎదగడమూ ఎవరి సంకల్పబలాన్ని బట్టి వారికి దక్కుతాయని చిన్నప్పటినుంచీ మనకు నూరిపోశారు. ఆ మాట చాలావరకు తప్పని, మనుషులకు దానివల్ల జరిగే మేలుకంటే కీడే ఎక్కువని నేనిప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. చుట్టూ ఉన్నవాళ్లకు ఏ పని మామూలో, ఎవరూ ప్రత్యేకంగా మెచ్చుకోవలసిన అవసరం లేకుండా రోజూ జరిగిపోయే పని ఏదో, ఆ పనే మన చేతా జరుగుతుంది. సంకల్పం అవసరమే. అయితే దాన్ని ఖర్చుపెట్టవలసింది రోజూ పొద్దున్నే మంచం మీదినుంచి లేవడానికి కాదు. లేవడం మామూలైన మనుషుల మధ్యకు ఒక్కసారి వెళ్లి చేరడానికి.

హైదరాబాదులో నా రోజు ఎలా గడిచేదో చెబితే ఈ మాట అర్థమవుతుంది. ఇంటికీ ఆఫీసుకూ మధ్య పద్నాలుగు కిలోమీటర్లు, వెళ్లడానికి గంట, రావడానికి గంటన్నర. నాలుగున్నరకు ఎవరో ఒకరు చాయ్ అనేవారు. అందరం లేచి వీధి చివర హోటలుకు వెళ్లి, ఉస్మానియా బిస్కెట్లతోనో మిర్చి బజ్జీలతోనో అరగంట కూర్చునేవాళ్లం. రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు, తొమ్మిదిన్నరకు భోజనం, పదకొండున్నర దాకా టీవీ. మా అపార్టుమెంటులో నలభై కుటుంబాలుండేవి. తెల్లవారి ఆరింటికి కింద కనిపించేవాళ్లు పాలవాడూ, పేపరు వేసే కుర్రాడూ, కాపలాదారూ మాత్రమే. నేను రెండు మూడుసార్లు బూట్లు తొడుక్కుని దిగాను. దిగినప్పుడల్లా కాపలాదారు కంగారుగా లేచి, "ఏమైంది సార్, ఊరికెళ్తున్నారా?" అని అడిగేవాడు. అతని ప్రశ్నలో ఎగతాళి లేదు. ఆ ప్రాంగణంలో ఆ వేళప్పుడు నడక అనేది లేదు కనక, దానికొక కారణం ఉండాలని అతను సహజంగానే అనుకున్నాడు. రోజూ కారణం చెప్పుకోవలసిన పనిని మనిషి ఎక్కువ కాలం చేయలేడు.

నాతో బజ్జీలు తిన్న ఆ మిత్రులను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న పందొమ్మిది రోజులూ రాత్రిళ్లు వంతులు వేసుకుని నాతో కూర్చున్నది వాళ్లే. ఎదగాలంటే పనికిరాని స్నేహాలను తెంచుకోవాలని ఈ రోజుల్లో ప్రసంగాలు చేసేవాళ్లను వింటే నాకు బాధ కలుగుతుంది. ఒక మనిషిని అతని నడుము చుట్టుకొలతను బట్టి ఉంచుకోవడమో వదిలేయడమో చేసేది స్నేహం కాదు.

విజయనగరంలో మేం అద్దెకు దిగిన ఇల్లు ఒక మైదానానికి దగ్గర. చేరిన మూడో రోజున ఇంటి యజమాని, డెబ్బై ఏళ్ల రిటైర్డు మాస్టారు, అయిదింటికి తలుపు తట్టి, "రండి మేనేజరు గారూ, ఊరు చూపిస్తాను" అన్నారు. పెద్దాయన పిలిస్తే కాదనలేక వెళ్లాను. అక్కడ ఏడెనిమిది మంది ఉన్నారు. ఒకరికి బట్టల కొట్టు, ఒకరు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి దిగిపోయినవారు, ఇద్దరు టీచర్లు, ఒకరు కొబ్బరికాయల వ్యాపారి. వాళ్లెవరూ ఫిట్‌నెస్ అన్న మాట వాడగా నేను వినలేదు. నడక వాళ్లకు కబుర్లు చెప్పుకునే వేళ, అంతే. నాలుగు రౌండ్లు తిరగడం, గట్టు మీద కూర్చుని కాసేపు నడుం వంచడం, పేపరు చదవడం, ఏడింటికి ఇళ్లకు వెళ్లడం. పదో రోజున ఒళ్లు బరువుగా ఉండి మానేశాను. మర్నాడు కొబ్బరికాయల వ్యాపారి నన్ను చూడగానే, "ఏటి బాబూ, నిన్న రానేదేటి?" అన్నాడు. నాలుగేళ్లలో నన్ను నడిపించింది ఆ ప్రశ్నే. హైదరాబాదులో నడిస్తే కారణం చెప్పవలసి వచ్చేది. ఇక్కడ నడవకపోతే చెప్పవలసి వచ్చింది. కారణం చెప్పుకోవలసిన భారం ఒక వైపునుంచి రెండో వైపుకు మారింది. మనుషుల అలవాట్లు మారడంలో ఇంతకుమించిన రహస్యం నాకేమీ కనబడలేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇది మరింత స్పష్టమైంది. మైదానం మూసేశారు. ఇంటి మీద విశాలమైన డాబా ఉంది, రెండేళ్ల అలవాటు ఉంది, నడిస్తే వచ్చే లాభం ఒంటికి అనుభవమై ఉంది. అయినా వారం రోజులకే డాబా మీద నడవడం మానేశాను. మూడు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను. మళ్లీ గుంపు కలిశాకే అవి దిగాయి. అలవాటు నా సొంతమైపోయిందనుకున్నాను. నిజానికి అది నలుగురి మధ్యా ఉన్న ఉమ్మడి ఆస్తి, నా దగ్గరున్నది అందులో వాటా మాత్రమే.

ఒక మనిషి అనుభవం రుజువు కాదన్న సంగతి నాకు తెలుసు. అందుకే ఈ విషయంలో జరిగిన పరిశోధనలను ఓపికగా చదివాను. అన్నిటికంటే నన్ను కదిలించినది మన దేశంలో జరిగినదే. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగుళూరు నగరాల్లోని ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ, పల్లెనుంచి వలస వచ్చిన ఉద్యోగులనూ, పల్లెలోనే ఉండిపోయిన వారి తోబుట్టువులనూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఫలితాలు 2010లో ప్రచురించారు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే ఇంట్లో పెరిగి, పెద్దయ్యాక వేర్వేరు చోట్ల బతుకుతున్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వాళ్లు. ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత అయిన బీఎంఐ 25 దాటడాన్ని స్థూలకాయంగా లెక్కవేస్తే, పల్లెల్లోని మగవారిలో అది 19 శాతం, వలస వచ్చినవారిలో 37.8 శాతం, మొదటినుంచీ నగరంలో ఉన్నవారిలో 41.9 శాతం. మధుమేహం పల్లెలో 6.2 శాతం, వలస వచ్చినవారిలో 14.3 శాతం, నగరవాసుల్లో 13.5 శాతం. అంటే, వలస వచ్చిన మనిషి ఒంట్లో పుట్టిన ఊరి పోలికకంటే చేరిన ఊరి పోలికే ఎక్కువ. తోడబుట్టినవాడికంటే పక్కింటివాణ్నే అతని ఒళ్లు ఎక్కువగా పోలింది.

ఆ అంకెలు చదువుతుంటే నాకు మా అన్నయ్య గుర్తొచ్చాడు. బాపట్ల దగ్గర మా ఊళ్లోనే ఉండి వ్యవసాయం చేస్తాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. 2016లో సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇద్దరం పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో చూసి, కొత్తవాళ్లెవరైనా నన్నే అన్నగారనుకుంటారు. కానీ కథ అక్కడ ఆగలేదు. గత ఆరేడేళ్లలో మా ఊరు కూడా మారింది. పొలం గట్టు దాకా మోటారు సైకిలు వెళ్తోంది. కలుపు తీయడానికి మందు, కోతకు యంత్రం వచ్చాయి. సాయంత్రం రచ్చబండ దగ్గర నిలబడే బండి మీద నూడుల్స్ దొరుకుతున్నాయి. నిరుడు అన్నయ్యకు కూడా షుగరు వచ్చిందన్నారు. అతను ఊరు విడిచి ఎక్కడికీ పోలేదు. ఊరే అతని కింద మారిపోయింది. పరిసరాల మార్పు అంటే బదిలీయో వలసో మాత్రమేనని అనుకోవడం అందుకే పొరపాటు.

ఈ వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఒకటుంది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో తరాలుగా సాగుతున్న ఆరోగ్య అధ్యయనాన్ని ఆధారం చేసుకుని, 1971 నుంచి 2003 వరకు 12,067 మంది స్నేహ సంబంధాలను పరిశీలించిన క్రిస్టాకిస్, ఫౌలర్ అనే పరిశోధకులు, స్నేహితుడు స్థూలకాయుడైతే మనమూ అలా అయ్యే అవకాశం 57 శాతం పెరుగుతుందని 2007లో ప్రకటించారు. తోబుట్టువు అయితే 40 శాతం, జీవిత భాగస్వామి అయితే 37 శాతం అన్నారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. మరుసటి ఏడే వేరే పరిశోధకులు, దాదాపు అలాంటి లెక్కల పద్ధతితోనే చూస్తే మొటిమలూ తలనొప్పీ ఎత్తూ కూడా స్నేహితులనుంచి అంటుకుంటున్నట్టే తేలుతుందని చూపించారు. ఎత్తు ఎవరినుంచీ అంటుకోదు కదా. మనుషులు తమలాంటి వారినే స్నేహితులుగా ఎంచుకుంటారు. ఒకే వీధిలో, ఒకే రకం బతుకులో ఉన్నవారికి ఒకే రకం మార్పులు కలిసి వస్తాయి. దాన్ని ప్రభావం అనుకోవడం పొరపాటు కావచ్చు. ఈ అభ్యంతరం న్యాయమైనది. నా విషయంలోనే చూసినా, మైదానం పక్క ఇల్లు నేను తీసుకోవడంలో నాలోపలి కోరిక పాత్ర లేదని ఎవరు చెప్పగలరు?

అయితే ఎంపిక మనిషి చేతిలో లేని సందర్భాలు కూడా ఉన్నాయి. అమెరికా వైమానిక దళ అకాడమీలో కొత్తగా చేరిన విద్యార్థులను వాళ్ల ఇష్టంతో పని లేకుండా స్క్వాడ్రన్లనే జట్లుగా విడదీస్తారు. తినడం, చదవడం, కసరత్తు అన్నీ ఆ కొద్దిమందితోనే. అకాడమీలో చేరకముందు తోటివారికున్న దేహదారుఢ్యం, ఆ తరవాత ఈ విద్యార్థి దేహదారుఢ్యాన్ని ఎంత మారుస్తుందో లెక్కకట్టి 2011లో ప్రచురించారు. తన సొంత పూర్వ స్థితి చూపే ప్రభావంలో సుమారు సగం మేర తోటివారి ప్రభావం ఉందని తేలింది. అందులోనూ ముఖ్యంగా లాగుతున్నది అందరికంటే బలహీనంగా ఉన్నవారేనని కనిపించింది. ఇంకొకటి: 1994–98 మధ్య అమెరికాలోని అయిదు నగరాల్లో పేదరికం నిండిన వాడల్లో ఉంటున్న కుటుంబాలకు లాటరీ తీసి, కొందరికి మెరుగైన పేటలకు మారడానికి అద్దె సాయం ఇచ్చారు. పది, పదిహేనేళ్ల తరవాత ఆ కుటుంబాల్లోని ఆడవారికి రక్తపరీక్ష చేస్తే, సాయం అందని వారిలో 20 శాతం మందికి మధుమేహ స్థాయి చక్కెర ఉండగా, మెరుగైన పేటకు వెళ్లే సాయం అందినవారిలో అది 16 శాతం దగ్గర ఆగింది. వాళ్లకు ఆహార నియమాలు చెప్పినవారు లేరు, వ్యాయామం నేర్పినవారు లేరు. చిరునామా మారింది, అంతే. తేడా పెద్దది కాదనేవారు ఉంటారు. ఏ మందూ మింగకుండా, ఏ ఉపన్యాసమూ వినకుండా వందకు నలుగురు ఆ జబ్బునుంచి తప్పించుకున్నారంటే నాకు అది చాలా పెద్ద సంగతే.

బలహీనుడు పక్కవాళ్లను కిందికి లాగుతాడన్న ఫలితం విని, అతన్ని దూరం పెట్టాలని తీర్మానించేవాళ్లు ఉండవచ్చు. నాకు అందులో కనిపించేది వేరు. గుంపులో అందరికంటే వెనకున్నవాణ్ని ఒక్క మెట్టు పైకి తెస్తే అందరూ కదులుతారు. మా మాస్టారు మూడో రోజునే నా తలుపు తట్టడం వెనక ఇలాంటి సిద్ధాంతం ఉందని నేననను. కానీ ఆయన చేసిన పని మాత్రం అదే.

విజయనగరం ప్రాంతంలో ఈ మామూలుతనపు శక్తి ఎంత దూరం వెళ్లగలదో చూడవచ్చు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగి, అక్కడి వ్యాయామశాలలో చేరాకే మల్లయోధుడయ్యాడు. నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే పల్లె ఉంది. రుణాల తనిఖీకి ఆ వైపు వెళ్లినప్పుడు, ఇంకెక్కడైనా అయితే మగపిల్లల క్రికెట్ గురించి మాట్లాడుకునే వయసువాళ్లు ఇక్కడ ఆడపిల్లల వెయిట్‌లిఫ్టింగ్ గురించి, అందులో బరువెత్తే పద్ధతులైన స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ గురించి, ఎవరు ఏ విభాగంలోకి మారారన్న దాని గురించి మాట్లాడుకోవడం విన్నాను. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మత్స సంతోషి గెలిచిన కాంస్యం, మొదటి స్థానంలో నిలిచిన క్రీడాకారిణి డోపింగులో అనర్హురాలు కావడంతో రజతమైంది. సంతోషిది ఆ పల్లే. పక్క జిల్లా శ్రీకాకుళంలో ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటనుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమెకంటే ముందే అక్క కూడా బరువులెత్తేది. ఆ పల్లెల మట్టిలో ప్రత్యేకమైన బలమేదీ లేదు. ఆడపిల్ల ఇనుప కడ్డీ ముందు నిలబడితే వింతగా చూడని కళ్లు అక్కడ ఉన్నాయి. మొదటి అమ్మాయికి అది సాహసం, నాలుగో అమ్మాయికి అక్క చేసిన పని, ఇరవయ్యో అమ్మాయికి బడినుంచి వచ్చాక వెళ్లే చోటు.

తెలంగాణ పిల్లల సంగతి ఇంకా ఆశ్చర్యకరం. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లానుంచి వచ్చిన ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి కొండ మీద రాతి ఎక్కుడు నేర్చుకుని, డార్జిలింగ్‌లోనూ లద్దాఖ్‌లోనూ శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఆమెలో ధైర్యం ఊళ్లో ఉన్నప్పుడూ ఉండి ఉంటుంది. కానీ ఆ ధైర్యాన్ని కొండ మీద పెట్టి చూద్దామనే పెద్దలు, తాడు పట్టుకుని కింద నిలబడే తోటి పిల్లలు, నువ్వు ఎక్కలేవని అనని బడి దొరకకపోతే, ఆ వయసుకు ఆమె ఏం చేస్తూ ఉండేదో మన పల్లెలు తెలిసిన ఎవరికైనా చెప్పనక్కర లేదు. గురుకులాల గురించి మాట్లాడేటప్పుడు మనం మార్కుల గురించే మాట్లాడుతుంటాం. ఏది సాధ్యమన్న ఊహను అవి పిల్లలకు మార్చి ఇచ్చాయి. నా దృష్టిలో దానికే ఎక్కువ విలువ.

ఎదుగుదల అన్నప్పుడు నాకు జరిగింది చిన్నదే అయినా చెప్పాలి. గట్టు మీద కూర్చున్నప్పుడు మాస్టారు, టీచర్లు తాము చదువుతున్న పుస్తకాల గురించి మాట్లాడుకునేవారు. ఉద్యోగంలో చేరాక సర్క్యులర్లు తప్ప మరేదీ చదవని నేను మొదట వింటూ కూర్చున్నాను. కొన్నాళ్లకు ఏమీ చదవకుండా వెళ్లడం, ఖాళీ చేతులతో చుట్టాలింటికి వెళ్లినట్టు అనిపించసాగింది. ఆ నాలుగేళ్లలో చదివినంత నా చదువుకునే రోజుల్లో కూడా చదవలేదు. నా మాట తీరూ మారింది. కోపం వచ్చినప్పుడు కౌంటరు దగ్గర గొంతు పెంచే అలవాటు పోయింది. పొద్దున్నే ఏడెనిమిది మందితో నెమ్మదిగా మాట్లాడి వచ్చిన మనిషి పదింటికల్లా అరవలేడు.

ఇంతవరకు చెప్పినదంతా నా వైపునుంచి చూసిన కథ. నా భార్య వైపునుంచి చూస్తే ఇదే బదిలీ వేరుగా కనిపిస్తుంది. హైదరాబాదులో ఆమె ఒక బడిలో పాఠాలు చెప్పేది. తోటి టీచర్లు నలుగురితో కలిసి బడి వదిలాక గంటసేపు యోగా చేసేది. ఆ నాలుగేళ్లలో నేను పదమూడు కిలోలు పెరిగితే ఆమె ఒక్క కిలో పెరగలేదు. విజయనగరం వెళ్లాక ఉద్యోగం పోయింది, ఆ నలుగురూ దూరమయ్యారు. నేను వెళ్లే మైదానంలో ఆ వేళప్పుడు ఆడవాళ్లు లేరు. వెళ్లకూడదని ఎవరూ అనలేదు. ఎవరూ అననవసరం లేకుండానే అది మగవాళ్ల చోటైపోయింది. నేను కడిగిన ముత్యంలా తిరిగొచ్చే వేళకు ఆమె వంటింట్లో ఉండేది. నా బరువు దిగిన ఆ ఏళ్లలోనే ఆమెకు థైరాయిడ్, మోకాళ్ల నొప్పి మొదలయ్యాయి. పరిసరాలు మనిషిని మారుస్తాయని ఉత్సాహంగా రాసే ఎవరైనా, ఆ మార్పు ఎవరి ఖర్చుతో జరుగుతోందో కూడా లెక్క రాయాలి. నేను మూడేళ్ల దాకా రాయలేదు. అది నా తప్పు.

అందుకే, మంచి మనుషుల మధ్యకు వెళ్లండని ఊరికే సలహా ఇవ్వడం నాకిష్టం లేదు. ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛ ఉన్నవాడికే ఆ సలహా పనికొస్తుంది. మిగిలినవారి కోసం చోట్లు తయారుచేయాలి. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున కొంతసేపు వాహనాలను ఆపేస్తారు. ఆ కాసేపూ నడిరోడ్డు మీద ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు నిర్భయంగా నడవడం నేను చూశాను. అక్కడ కొత్తగా కట్టిందేమీ లేదు, ఉన్న రోడ్డునే రెండు మూడు గంటలు మనుషులకు వదిలారు. చాలా మండల కేంద్రాల్లో ఒక హైస్కూలు మైదానం ఉంటుంది, సాయంత్రమైతే దానికి తాళం పడుతుంది. ఆ తాళం తీసి, రెండు దీపాలు పెట్టి, ఒక గంట ఆడవాళ్లకు కేటాయించడానికి అయ్యే ఖర్చు, మన పంచాయతీలు స్వాగత ద్వారాల మీద పెట్టే ఖర్చులో ఎన్నో వంతు?

చేరే గుంపును ఎంచుకోవడంలోనూ ఒక మెలకువ అవసరం. హైదరాబాదులో ఉన్న రోజుల్లో ఒక ఖరీదైన జిమ్‌లో డబ్బు కట్టి చేరాను. చుట్టూ పాతికేళ్ల కుర్రాళ్లు, గోడలంతా అద్దాలు. ఎనిమిది రోజులు వెళ్లాను. వాళ్లకూ నాకూ మధ్య దూరం ఎంత ఎక్కువంటే, వాళ్లు చేసేది నాకు మామూలుగా ఎప్పటికీ అనిపించలేదు. విజయనగరంలో నా ముందు నడిచినది డెబ్బై ఏళ్ల మాస్టారు. ఆయన నాలుగు రౌండ్లు తిరిగితే నేను రెండింటికే ఆగిపోవడానికి నాకు మనసొప్పలేదు.

2022లో మళ్లీ హైదరాబాదుకు బదిలీ అయినప్పుడు ఇల్లు వెతికే పని నా భార్యకు అప్పగించాను. ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. ఇల్లు నచ్చితే, మర్నాడు పొద్దున్న అయిదున్నరకు మళ్లీ అక్కడికి వెళ్లి, పార్కులో ఎంతమంది నడుస్తున్నారో, వాళ్లలో ఆడవాళ్లెంతమందో లెక్కపెట్టాలి. ఆరు ఇళ్లు అలా చూశాం. అయిదు చోట్ల లెక్క నాలుగు దాటలేదు. ఆరోది పాత కాలనీ, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అద్దె మేం అనుకున్నదానికంటే మూడు వేలు ఎక్కువ. పార్కులో పదిహేడు మంది ఆడవాళ్లను లెక్కపెట్టింది. మేం గేటు దగ్గర నిలబడి ఉండగా, ఆమె వయసే ఉన్న ఒకావిడ చెమట తుడుచుకుంటూ ఆగి, "కొత్తగా వస్తున్నారామ్మా? మేం అయిదూ నలభైకల్లా ఈ వేపచెట్టు కింద ఉంటాం" అని చెప్పి, మళ్లీ నడక అందుకుంది. అడ్వాన్సు ఆ మధ్యాహ్నమే ఇచ్చాం.